కీబోర్డు వదలని బావ

మరిది: నీ రెజ్యూమే చదివినా బావా. 1998లో మొదలుపెట్టినావు. కోబాల్, సీ, జావా, పైథాన్. భాషలు మారినాయి, కంపెనీలు మారినాయి, కుర్చీ మాత్రం మారలేదు. అమీర్‌పేటలో నీ పక్కన చాప పరుచుకుని పడుకున్నోళ్లు ఇప్పుడు డెలివరీ హెడ్లు. ఒకరిద్దరు వైస్ ప్రెసిడెంట్లు కూడా అయినారు. నీ కింద ఒక్క మనిషి లేడు. ఏ హెచ్చార్ చేతిలో పెట్టినా వాళ్లకొచ్చే అనుమానం ఒకటే: ఇన్నేళ్లయినా ఈయన పైకి ఎందుకు పోలేదు?

బావ: పోలేక కాదు. పోనన్నాను.

మరిది: ఆ ముక్క కాగితం మీద కనపడదు కదా.

బావ: కనపడే మనుషులను చూపిస్తా, విను. బ్రయన్ కెర్నిఘన్ అని ఒకాయన, 1942లో పుట్టినాడు. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఇంకో ఇద్దరితో కలిసి ఆక్ అనే చిన్న భాష చేసినాడు. లాగ్ ఫైళ్లు వడగట్టేదానికి ఇప్పటికీ వాడతాం. దానికి మొదట్లో అక్షరాలు తెలీవు, బైట్లే తెలుసు. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటు, సరిపోయింది. మనకట్లా కుదరదు. ‘తెలుగు’ అని రాస్తే కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో త, దాని ఎత్వం, ల, దాని కొమ్ము, గ, దాని కొమ్ము, మొత్తం ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు. పాత ఆక్‌ను ఈ మాట పొడవెంత అని అడిగితే 18 అనేది. 2022లో, ఎనభై ఏళ్ల వయసులో, ఆయనే కూర్చుని యూనికోడ్‌ను దాంట్లోకి ఎక్కించినాడు. ఈయన పైకి ఎందుకు పోలేదని ఎవరన్నా అడిగినారా?

మరిది: సగమే చెప్తున్నావు. అదే బెల్ ల్యాబ్స్‌లో ఆయన ఒక విభాగానికి హెడ్‌గా కూడా చేసినాడు. 2000 నుంచి ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్తున్నాడు. సీ భాష నేర్చుకునే దానికి లోకమంతా చదివిన పుస్తకంలో సగం ఆయనదే. అంటే మనుషులను నడిపినాడు, నేర్పినాడు, రాసిపెట్టినాడు. ఆ మూడింటితో పాటు కోడ్ కూడా రాసినాడు. నువ్వు ఆ నాలుగోది మాత్రం పట్టుకుని ఆయన పక్కన నిలబడతానంటున్నావు.

బావ: అది నిజమే. అయినా మనుషులను నడిపినవాడు కోడ్ దగ్గరికి మళ్లీ ఎందుకొచ్చినాడో అడగవే? రిటైరై హాయిగా ఉండొచ్చు కదా.

మరిది: ఆయనకు రావచ్చు. నీది బెల్ ల్యాబ్స్ కాదు, సర్వీసెస్ కంపెనీ. దాని లెక్క నీకు తెలీనిది కాదు. క్లయింటుకు బిల్లు వేసేది తలకింత అని. కింద ఫ్రెషర్లు ఎక్కువ, మధ్యలో కొంతమంది, పైన ఒకరిద్దరు. ఆ పిరమిడ్ నిలబడితేనే లాభం. పాతికేళ్ల అనుభవమున్నోడు ఇద్దరు ఫ్రెషర్ల పని చేసి ఆరుగురి జీతం తీసుకుంటే, మంచోడా చెడ్డోడా అని ఎవరూ చూడరు. ఎక్సెల్ షీట్‌లో ఆ గడి ఎర్రగా కనపడుతుంది, అంతే. నేనే ఆ షీట్లు చూసే కుర్చీలో ఉన్నాను. ఎవరిని బెంచ్ మీద పెట్టాలో రాసే రోజున పక్కన ‘చాలా మంచి ప్రోగ్రామర్’ అని రాసుకునే దానికి కాలమ్ ఉండదు.

బావ: కాలమ్ లేకపోవడం షీట్ తప్పు.

మరిది: షీట్ తప్పే అనుకుందాం. ఈఎంఐ కట్టేది మాత్రం నువ్వు. ఇంకో మాట. సత్య నాదెళ్ల వాళ్ల నాయన యుగంధర్ గారిది మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోని బుక్కాపురమే. సత్య 1992లో మైక్రోసాఫ్ట్‌లో ఇంజనీరుగా చేరినాడు. 2014లో సీఈఓ అయినాడు. నాకు కోడ్ చాలు అని ఆయన కూడా ఆగిపోయింటే?

బావ: అదే కంపెనీలో డేవ్ కట్లర్ అని ఒకరున్నారు. ఆయనదీ 1942 పుట్టుకే. విండోస్ ఎన్‌టీకి పునాది వేసిన మనిషి. ఎనభై దాటినా అక్కడే ఇంజనీరుగా ఉన్నాడు. ఇద్దరికీ చోటిచ్చిన కంపెనీ అది. మన దగ్గర ఒక్కదానికే చోటు. మేనేజర్ అయితే ఎదిగినట్లు, లేదంటే ఆగిపోయినట్లు. నిచ్చెన ఒకటే పెట్టి, ఎక్కనోడు చేతకానోడు అంటే ఎట్లా?

మరిది: రెండో నిచ్చెన కూడా పెట్టినారులే. ప్రిన్సిపల్ ఇంజనీర్, ఆర్కిటెక్ట్ అని.

బావ: పెట్టినారు. ఎక్కి చూస్తే రెండో మెట్టు నుంచి స్లైడ్లు చేయడమే.

మరిది: (నవ్వి) దానికి నేను జవాబు చెప్పలేను.

బావ: నా పని ఏందో మన ఊరి చెరువుతో చెప్తా. బుక్కపట్నం చెరువు విజయనగర రాజుల కాలం నాటిదని చెప్పుకుంటాం. కట్టించిన రాజును తలుచుకుంటాం. కానీ అది ఇన్ని వందల ఏళ్లు నిలిచింది ఆయన వల్లనా? ఏ తూము ఎంత ఎత్తాలి, ఎవరి మడికి ఏ జామున నీళ్లు వదలాలి, ఆయకట్టు చివరి మడికి తడి చేరేదానికి ఎంతసేపు పడుతుంది, మరువ పారే ముందు కట్ట ఏ చోట చెమ్మగిల్లుతుంది, ఇవి తెలిసింది నీరుగంటికి. కొత్త చెరువు తవ్వమంటే ఆయనకు రాదు. ఉన్న చెరువు తెగకుండా చూడటం వచ్చు. ఇరవై ఏళ్ల పాత సిస్టంలో నేను చేసేది అదే. ఒక లైను చూస్తే పనికిరానిదిగా ఉంటుంది. తీసేయబోతే చేయి ఆగుతుంది. ఎవరో ఒకడు ఏదో అర్ధరాత్రి దేనికో భయపడి అది పెట్టింటాడు. ఆ భయం ఏందో తెలిస్తేగానీ దాన్ని ముట్టుకోకూడదు.

మరిది: పాత లైను తీయకుండా ఉంచినందుకే మునిగినోళ్లు కూడా ఉన్నారు. నైట్ క్యాపిటల్ కథ నువ్వే నాకు చెప్పినావు.

బావ: 2012 ఆగస్టు 1. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే కంపెనీ. ఎనిమిది సర్వర్లుంటే ఏడింటికి కొత్త కోడ్ ఎక్కించి ఒకటి మరిచిపోయినారు. ఎప్పుడో వాడటం మానేసిన పాత ముక్క ఒకటి దాంట్లో నిద్రపోతోంది. దాన్ని లేపే గుర్తునే కొత్త పనికి మళ్లీ వాడినారు. ఆ ఎనిమిదో సర్వర్లో అది లేచి, ఆగకుండా కొంటూనే, అమ్ముతూనే పోయింది. ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లు పోయినాయి. ఆ గుర్తు పాతరోజుల్లో దేనికి వాడినారో గుర్తున్న మనిషి ఒకడు ఆ గదిలో ఉండింటే చాలు.

మరిది: ఒక మనిషి గుర్తు మీద కంపెనీ బతకాలంటున్నావు. నాకు భయం వేసేది దానికే. నీ నీరుగంటి సంగతే చూడు. తెలిసిందంతా ఆయన తలలోనే ఉండింది. చాలా ఊళ్లలో కొడుకు ఆ పనిలోకి రాలేదు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, ఎన్నికలైనాయి, అధ్యక్షులొచ్చినారు. తూము లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇంకోటి. నీరుగంటికి దక్కింది కళ్లంలో నాలుగు గింజలు. ఊరి పెద్దలు కూర్చునే అరుగు మీద ఆయనకు చోటుందా? అంత అవసరమైన మనిషిని అంత కిందనే ఉంచింది ఊరు. నువ్వు దాన్ని గొప్పగా చెప్తున్నావు. నాకైతే కోపం వస్తుంది.

బావ: ఆ కోపం నాకు లేదనుకున్నావా? నేనంటున్నది అదే పనికి అరుగు మీద చోటివ్వమని. నువ్వంటున్నది అరుగు మీద చోటు కావాలంటే ఆ పని మానమని.

మరిది: మానమని కాదు. రాసిపెట్టమని, ఇంకొకరికి చూపించమని. నీ టీంలో ఇద్దరు పిల్లలున్నారు. వాళ్లు అడిగితే ఏం చేస్తావు? ‘ఇటివ్వు’ అని కీబోర్డు లాక్కుంటావు. రెండు నిమిషాల్లో సరిచేసి ఇస్తావు. వాళ్లకు పని అయింది, చదువు కాలేదు.

బావ: అది ఒప్పుకుంటా. నేర్పేదానికి ఓపిక వేరే కావాలి. నాకు తక్కువ.

మరిది: నా సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెప్తా. నేను కోడ్ తెరిచి చూసి ఏళ్లయింది. మార్చి నెలాఖరుకు బ్యాచ్ జాబ్ నడవకపోతే నా టీంలో పన్నెండు మంది కాల్‌లో ఉంటారు, పన్నెండు మందీ ‘చూస్తున్నాం’ అంటారు. నేను పక్కకు వచ్చి నీకు ఫోన్ చేస్తా. క్వెరీ ప్లాన్ పంపమంటావు. చూసి, ఈ టేబుల్‌కు ఇండెక్స్ ఉన్నా వాడుకోవడం లేదు, తేదీని టెక్స్ట్‌గా మార్చి పోలుస్తున్నారు, అది తీసేయండి అంటావు. నాలుగు గంటల జాబ్ పది నిమిషాలకు వస్తుంది. పొద్దున మెయిల్లో పేరు నాకొస్తుంది. ఇది నాకు సిగ్గుగానే ఉంటుంది.

బావ: నాకేం బాధ లేదప్పా. ఆ మెయిల్ రాసే పని నాకు పడలేదు, సంతోషం.

మరిది: ఇంక ఏఐ సంగతి. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు నా ఫ్రెషర్ కూడా మధ్యాహ్నం లోపల పేజీలకు పేజీలు కోడ్ తెస్తున్నాడు. ధర్మవరం తీసుకో. జాకార్డ్ మగ్గానికి డిజైన్ కావాలంటే గ్రాఫ్ కాగితం మీద గడిగడికీ చూసి గీసి, ఆ లెక్కన అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లు ఉండేవాళ్లు. ఎంతో నేర్పున్న పని. కంప్యూటర్ వచ్చినాక ఆ పని స్క్రీన్ మీదకు పోయింది. ఆ రంధ్రాల అట్టల ఆలోచనే హోలెరిత్ చేతిలో పడి 1890లో అమెరికా జనాభా లెక్కలు కట్టింది, ఆ దోవలోనే మన కంప్యూటర్లు వచ్చినాయి. అట్ట మీద పుట్టిన విద్య అట్ట కొట్టేవాడినే పంపించేసింది. నీకు మాత్రం మినహాయింపు ఏముంది?

బావ: కోడ్ పేజీలు తెస్తున్నాడు సరే. ఆ పేజీలు చదివేదెవరు? 2025లో మెటర్ అనే సంస్థ ఒక పరిశోధన చేసింది. 16 మంది అనుభవమున్న డెవలపర్లు. ఏళ్ల తరబడి వాళ్లు చూసుకుంటున్న ప్రాజెక్టులే. 246 పనులిచ్చి, కొన్నింటికి ఏఐ వాడుకోవచ్చు, కొన్నింటికి వద్దు అన్నారు. వాడితే 24 శాతం టైము కలిసొస్తుందని ముందు అనుకున్నారు. పని అయినాక కూడా 20 శాతం కలిసొచ్చిందనే అనుకున్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది.

మరిది: ఆ పరిశోధన నీకే ఎదురు తిరుగుతుంది బావా. పని చేసినాక కూడా తమకెంత టైము పట్టిందో వాళ్లకు తెలీలేదు. ‘నాకు తెలుసు’ అని నువ్వు గుండె మీద చేయి వేసుకుని చెప్పేది కూడా అంతే నమ్మకంగా ఉంటుంది. పైగా అది 2025 మొదట్లో ఉన్న టూల్స్‌తో చేసింది. అవి నెలనెలా మారుతున్నాయి.

బావ: ...సరే. ఆ దెబ్బ తగిలింది. అయితే ఒకటి చెప్తా. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మెషీన్లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించినాడు. అర సెకను! మామూలుగా ఎవరూ పట్టించుకోరు. ఆయన తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దొంగ దారి దొరికింది. ఇంకొన్నాళ్లు ఆగింటే అది లోకంలోని లినక్స్ సర్వర్లలోకి పాకేది. ఆయన సెక్యూరిటీ మనిషి కాదు, డేటాబేస్ మనిషి. ఇది ఇంతసేపు పట్టకూడదే అని ఒళ్లు చెప్తుంది చూడు, దాన్ని రెజ్యూమేలో ‘స్కిల్స్’ కింద ఏ పేరుతో రాయమంటావు?

మరిది: ఆ కథలో ఇంకో మనిషి ఉన్నాడు. ఆ లైబ్రరీని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే, పైసా జీతం లేకుండా చూసుకున్నవాడు. ఆయన అలిసిపోయినాడు. పని ఎందుకు ఆలస్యమని జనం మెయిళ్లలో దులిపినారు. అప్పుడు సాయం చేస్తానని వచ్చినోడే దొంగ. ఇష్టంతో చేసే పని అని నువ్వు మురిసిపోయేదాని అడుగున ఉండేది ఇదే. నీ రెజ్యూమేలో ఆఖరి లైను కూడా తీసేయమంటా. ‘ఇష్టాలు: తెలుగు లిపి, ఫాంట్లు, పాత చెరువులు.’ ఎవరికి కావాలి?

బావ: ఆ లైను ఉంటుంది. నెట్‌లో తెలుగు ఎట్లా వచ్చిందో చూడు. ఏ కంపెనీ జీతమిచ్చి చేయించలేదు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకునే మనోళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి పెట్టినారు, ఆర్‌టీఎస్ అని. వెన్న నాగార్జున పాత ఫాంట్లలో ఇరుక్కున్న పత్రికలను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ చేసినాడు. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే. 2006లో వీవెన్ ‘లేఖిని’ చేసినాడు. పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని. ఇదంతా ‘ఇష్టాలు’ కిందనే వచ్చింది.

మరిది: గొప్ప పనే. దానికి నీ ఉద్యోగానికి సంబంధమేంది?

బావ: 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలినాయి. ‘జ్ఞా’. అందరూ నవ్వుకున్నారు. నేను ఆ రాత్రి విప్పి చూసినా. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు, చివర దీర్ఘం. కనపడని ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘సాఫ్ట్‌వేర్’ అని మనం రాసినప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. రోజూ వాడతాం. అయితే అది వత్తుకూ దీర్ఘానికీ మధ్యలో దూరుతుందని ఆ ప్రోగ్రామ్ రాసినోళ్లు అనుకోలేదు. మన లిపి తెలిసిన ఒక్క టెస్టర్ ఉండింటే మొదటి రోజే పెట్టి చూసేవాడు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చేదాకా లోకమంతా ఆ అక్షరంతో ఆడుకుంది. ఇష్టాలంటే ఇంటర్వ్యూలో చెప్పుకునే క్రికెట్, సంగీతం కాదు. ఎవరూ చూడని మూలకు నీ కన్ను అలవాటుగా పోయేటట్లు చేసేవి అవి.

మరిది: బాగుంది. ఇప్పుడు నా మాట కూడా విను, ఇది తప్పించుకోలేవు. అమీర్‌పేటలో నీ పక్క బెంచీలో కూర్చుని జావా నేర్చుకున్నది ఎవరు? మా అక్క. నీకన్నా మార్కులు ఎక్కువ. పెద్దోడు పుట్టినప్పుడు మానింది, మళ్లీ ఐదేళ్లకు అప్లై చేసింది. ఇంటర్వ్యూలో ఏమడిగినారో తెలుసా? ఖాళీ టైములో సొంతంగా ఏం ప్రాజెక్టులు చేసినారు, ఓపెన్ సోర్స్‌లో ఏమన్నా రాసినారా అని. ఖాళీ టైమంట! నువ్వు రాత్రి రెండు దాకా ‘జ్ఞా’ విప్పుకుంటూ కూర్చున్నప్పుడు పిల్లోనికి జ్వరం చూసింది ఎవరు? ఇష్టాలు ఉండటానికి కూడా ఇంకొకరి టైము కావాలి బావా. ఆ లైను నీ రెజ్యూమేలో ఉందంటే, మా అక్క రెజ్యూమేలో ఒక ఖాళీ ఉందని అర్థం.

బావ: దానికి నా దగ్గర ఎదురు మాట లేదు.

మరిది: ఉండొద్దు కూడా.

బావ: అయినా ఆ ఖాళీకి మందు నేను మేనేజర్ కావడమా? నీ డెలివరీ హెడ్లు రాత్రి పదింటికి క్లయింట్ కాల్‌లో ఉంటారు. వాళ్ల ఇళ్లలో జ్వరం చూసేది కూడా వాళ్లు కాదు. నేను బుక్కపట్నం వచ్చి కూర్చున్నాకే ఇంట్లో పొయ్యి దగ్గరికి పోతున్నాను, పిల్లోణ్ణి బడికి దింపుతున్నాను.

మరిది: వచ్చింది కూడా నీ చెరువు కోసమే అని అక్క అంటోంది. సరే, ఊర్లో ఉన్నందుకైనా ఒక పని చేయి. మన ఊర్లోనే డైట్ ఉంది. రేపు పల్లె బడులకు పోయే టీచర్లు అక్కడే తయారవుతారు. వారానికి ఒక గంట పో. యూనికోడ్‌లో తెలుగు టైపు చేయడం, పాత ఫాంట్‌లో ఉన్న ప్రశ్నపత్రం మార్చుకోవడం, అవి చాలు. నీకు వచ్చింది నీ తలలోనే పెట్టుకుని పోతే నీ నీరుగంటి కథే మళ్లీ.

బావ: పోయి కీబోర్డు లాక్కుంటానేమో అని భయం.

మరిది: చేతులు కట్టుకుని నిలబడు. వాళ్లు తప్పు కొడతారు, చూస్తూ ఉండు. మేనేజర్లు రోజూ చేసే పని అదే.

బావ: అది పనా!

మరిది: చేసి చూడు, కోడ్ కన్నా కష్టం. పోనీ, ఉద్యోగం సంగతి చెప్పు. ఇంకో పదేళ్లు ఎవరు పిలుస్తారనుకుంటున్నావు నిన్ను?

బావ: పిలుస్తారు. 2020 ఏప్రిల్లో కరోనా పూట న్యూజెర్సీ గవర్నర్ టీవీలో నిలబడి కోబాల్ తెలిసినోళ్లు రండని అడిగినాడు. నిరుద్యోగ భృతి ఇచ్చే సిస్టం పాతది, జనం ఒక్కసారిగా మీద పడినారు. ఇంకోటి ముందుంది. పాత 32-బిట్ సిస్టంలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాయి. 2038 జనవరి 19న, మన టైములో పొద్దున 8 గంటల 44 నిమిషాలు దాటంగానే ఆ లెక్క నిండిపోయి వెనక్కి, 1901కి పోతుంది. పెద్ద సర్వర్లు మార్చుకున్నారు. యాడో గోడలో పెట్టి మరిచిపోయిన మీటర్లు, మిషన్లు ఎన్నో. ఆ పొద్దుటికి నాకు అరవై రెండు దాటింటాయి. వైటూకే చూసిన చేతులు అప్పటికి ఎన్ని మిగిలింటాయి?

మరిది: వైటూకేలో లోకమంతా నీలాంటోళ్లను రాత్రింబగళ్లు వాడుకుంది, 2000 జనవరికి ఏమీ కాలేదు కాబట్టి అసలు సమస్యే లేదన్నది. బెంచ్ మీద కూర్చోబెట్టింది. మళ్లీ అట్లే చేస్తారు. ఈసారి పిలిస్తే రేటు ఎంత చెప్తావు?

బావ: అది మాత్రం నువ్వే మాట్లాడు.